ఇంజెక్షన్ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

మేనకోడలు కొన్నాళ్ళు నర్సుగా పనిచేసి, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో నర్సులకి ఓఈటీ నేర్పుతోంది. ఆరోగ్యరంగంలో పనిచేసేవాళ్ళ ఇంగ్లిష్‌ని తూచే పరీక్ష అది. బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరాలనుకునే మన నర్సుల్లో చాలామంది దానికి చదువుతున్నారు. మావయ్య ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. హైదరాబాదులోని ఇంగ్లిష్ బోధన సంస్థ సీఫెల్‌లో శిక్షణ పొందినవారు. జరిగిపోయిన కాలంలో మన మీద ఉన్న అవసరాన్నీ బాధ్యతనీ ఇంగ్లిష్‌లో చెప్పడం ఎలా నేర్పాలన్నది వీళ్ళ మధ్య వాదం. తెలుగు అడ్డం అంటుంది ఆమె. తెలుగే దారి అంటారు ఆయన.

మేనకోడలు: మావయ్యా, ముందు మూడు వాక్యాలు వినండి. రాత్రి డ్యూటీ చేసిన నర్సు పొద్దున్న వచ్చిన నర్సుకి పేషెంటుని అప్పజెప్పేటప్పుడు అనే మాటలు. ‘ఐ హ్యాడ్ టు గివ్ ద ఇంజెక్షన్.’ ‘ఐ షుడ్ హ్యావ్ గివెన్ ద ఇంజెక్షన్.’ ‘ఐ మస్ట్ హ్యావ్ గివెన్ ద ఇంజెక్షన్.’ మొదటిదాని ప్రకారం ఇంజెక్షన్ పడింది. రెండోదాని ప్రకారం పడలేదు. మూడోదాని ప్రకారం పడిందో లేదో ఆ అమ్మాయికే గుర్తులేదు, పడే ఉంటుందని అనుకుంటోంది. నా క్లాసుకి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ మూడూ ఒకటే. మనసులో ‘ఇవ్వాలి’ అన్న ఒక్క మాట ఉంటుంది. దానికి గతం తగిలించడం తెలియక, ఆ క్షణానికి నోటికి వచ్చింది అనేస్తారు. అందుకే క్లాసులో తెలుగు వద్దంటాను.

మావయ్య: జబ్బు సరిగ్గానే పట్టావు తల్లీ. కారణం మాత్రం అది కాదు. వాళ్ళ మనసులో ఉన్నది ఒక్క మాట కాదు. ఆ మూడు సంగతులనీ తెలుగులో చెప్పమని అడిగి చూడు. మొదటిదానికి ‘ఇవ్వాల్సి వచ్చింది’ అంటుంది. రెండోదానికి ‘ఇవ్వాల్సింది’ అంటుంది. మూడోదానికి ‘ఇచ్చే ఉంటాను’ అంటుంది. ఏ పిల్లా ఇందులో తడబడదు. ‘ఇవ్వాల్సి వచ్చింది’ అంటే ఇచ్చినట్టని, ‘ఇవ్వాల్సింది’ అంటే ఇవ్వనట్టని బడి మొహం చూడని మనిషికి కూడా తెలుసు. ఆ తేడాని ఆమె చిన్నప్పుడే, ఎవరూ నేర్పకుండానే పట్టుకుంది. నువ్వు దాన్ని గుమ్మం బయట వదిలి రమ్మని, లోపల అదే తేడాని మొదటినుంచీ నేర్పుతున్నావు.

మేనకోడలు: గుమ్మం బయట వదలమంటున్నది ఎందుకంటే, లోపలికి తెచ్చినప్పుడల్లా అది తప్పే చేయిస్తోంది. ‘నిన్న ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది’ అని చెప్పాలనుకుంటారు. ‘ఆలి’ అంటే ‘మస్ట్’ అని బడిలో నేర్చుకున్నారు. ‘వెళ్ళింది’ అంటే ‘వెంట్’ అని నేర్చుకున్నారు. రెండూ కలిపి ‘ఐ మస్ట్ వెంట్’ అంటారు. అది తప్పని వినేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది కాబట్టి దానితో ప్రమాదం లేదు. ఇంకొంచెం చదువుకున్న పిల్ల ‘ఐ మస్ట్ హ్యావ్ గాన్ టు ద హాస్పిటల్’ అంటుంది. ఇందులో వ్యాకరణం తప్పు లేదు. అర్థమే వేరు. ‘నేను ఆసుపత్రికి వెళ్ళే ఉంటాను’ అని వినపడుతుంది. ఎదుటివాళ్ళు తప్పుని గుర్తించే వీలే లేదు. వ్యాకరణం సరిగ్గా ఉన్న తప్పు వాక్యం కన్నా ప్రమాదకరమైనది ఆసుపత్రిలో ఇంకేముంటుంది?

మావయ్య: ఆ తప్పుకి మూలం ‘ఆలి అంటే మస్ట్’ అని బడిలో రాయించిన ఒక్క ముక్క. అది తెలుగు నేరం కాదు. సగం తెలుగుని సగం ఇంగ్లిష్‌కి ముడివేసిన పాఠం నేరం. ‘ఆల్సి వచ్చింది’ అన్నదాన్ని విరక్కుండా, మొత్తంగా ‘హ్యాడ్ టు’ పక్కన పెట్టి చూపించి ఉంటే ‘మస్ట్ వెంట్’ పుట్టేదే కాదు. 1967లో సి.జె. డాడ్సన్ ద్విభాషా పద్ధతి మీద పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది పదానికి పదం మార్చమని కాదు. వాక్యం మొత్తం అర్థాన్ని పిల్లవాడి సొంత భాషలో ఒక్కసారి చెప్పేసి, ఆ వెంటనే కొత్త భాషలో సాధన మొదలుపెట్టమన్నాడు. అర్థం కోసం తడుముకునే కాలం ఆదా అవుతుంది.

మేనకోడలు: మీరు డాడ్సన్‌ని తెస్తే నేను మన పక్క రాష్ట్రాల నుంచే ఎన్.ఎస్. ప్రభుని తెస్తాను. 1979 నుంచి 1984 దాకా ఆయన నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో వ్యాకరణం పాఠంగా చెప్పలేదు. పిల్లలకి పని ఇచ్చారు. రైల్వే టైమ్‌టేబుల్ చూసి ఏ రైలు ఎక్కాలో తేల్చమనేలాంటి పనులు. బుర్ర అర్థం మీద పనిచేస్తూ ఉంటే భాష దానంతట అది కుదురుకుంటుందన్నది ఆయన నమ్మకం. నేనూ అదే చేస్తాను. పేషెంటు చార్టు ఒకటి చేతికిస్తాను. రాత్రి 10 గంటల డోసు గడి ఖాళీగా ఉంది. ‘వాట్ షుడ్ షి హ్యావ్ డన్?’ అని అడుగుతాను. కళ్ళముందు ఖాళీ గడి ఉంది కాబట్టి జరగలేదని తెలుసు. జరగని పనికి ‘షుడ్ హ్యావ్’ అని అక్కడే అంటుకుంటుంది. మధ్యలో తెలుగు ఎందుకు?

మావయ్య: ఖాళీ గడి చూపించడం మంచి పాఠం, కాదనను. కానీ ఆ గడి చూడగానే ఆ పిల్ల మనసులో ఏం మెదిలి ఉంటుందో ఆలోచించు. ‘అయ్యో, ఇవ్వాల్సింది’ అనుకుంటుంది. నువ్వు వద్దన్నా తెలుగు అక్కడే ఉంది. నీ క్లాసులో అది దొంగచాటుగా పనిచేస్తోంది. పిలిచి ముందు కూర్చోబెడితే నీ కంటి ఎదుటే పనిచేస్తుంది. తప్పుదారి పట్టినప్పుడు సరిచెయ్యడానికీ వీలుంటుంది.

మేనకోడలు: సరే, పిలుద్దాం. పిలిస్తే అది ఎంత నికరంగా ఉంటుందో కూడా చూద్దాం. ‘ఇవ్వాల్సింది’ అంటే ఇవ్వనట్టు అన్నారు. చివర ఒక్క ‘ఏ’ చేర్చండి: ‘ఇంజెక్షన్ ఇవ్వాల్సిందే!’ ఇప్పుడది గతమే కాదు. ఇప్పుడు ఇచ్చి తీరాలి అన్న ఆజ్ఞ. ‘ఇవ్వాల్సింది ఇంకా రెండు డోసులు’ అనండి. అది చెయ్యబోయే పని. ‘హాజరు కావాల్సిందిగా కోరుతున్నాం’ అని ఆహ్వాన పత్రికల్లో రాస్తాం. అదీ రాబోయే సంగతే. ఒక్క ‘ఆల్సింది’కి ఇన్ని కాలాలుంటే దాన్ని ‘షుడ్ హ్యావ్’కి గుర్తుగా ఎలా నమ్మమంటారు?

మావయ్య: మంచి పట్టు పట్టావు. రూపం ఒకటే ఉన్నంత మాత్రాన గుర్తుగా పనికిరాదని నేను ఒప్పుకోను గానీ, రూపం ఒక్కటీ చాలదన్నది నిజం. తెలుగువాడు దాన్ని ఎలా విడదీస్తున్నాడో చూడు. ‘నిన్న’, ‘అప్పుడే’, ‘ముందే’, ‘కదా’ లాంటి మాట ఒకటి తోడుంటుంది. ‘నిన్న ఇవ్వాల్సింది’ అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి పిల్లలకి ఇచ్చే తెలుగు వాక్యం ఒంటి క్రియగా ఉండకూడదు. కాలం తెలిసే నిండు వాక్యంగా ఉండాలి. ఇంతకీ ‘షుడ్ హ్యావ్’ మాత్రం ఎప్పుడూ ఒక్క అర్థమే ఇస్తోందా?

మేనకోడలు: లేదు. ‘షి షుడ్ హ్యావ్ రీచ్డ్ హోమ్ బై నౌ’ అంటే ఈపాటికి ఇల్లు చేరి ఉండాలి అని అంచనా. చేరలేదని కాదు. అందులో నింద కూడా లేదు. అందుకే సందర్భం లేకుండా ఏ రూపాన్నీ నేర్పను.

మావయ్య: మరి రెండు భాషలూ సందర్భం మీదే ఆధారపడుతున్నప్పుడు, తప్పు ఒక్క తెలుగుదే ఎలా అవుతుంది? అసలు ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చూస్తే నువ్వు తెలుగుని ఇంత దూరం పెట్టవు. ‘మస్ట్’కి భూతకాలం లేదని పుస్తకాలన్నీ చెప్తాయి. ఎందుకు లేదో చెప్పేవి తక్కువ. పాత ఇంగ్లిష్‌లో ‘మోతన్’ అని ఒక క్రియ ఉండేది. అనుమతి ఉంది, వీలుంది అని దాని అర్థం. దాని భూతకాల రూపం ‘మోస్తె’. కాలం గడిచేకొద్దీ ఆ రూపమే వర్తమానంలోకి జరిగి ‘మస్ట్’ అయింది. అర్థం ‘తప్పదు’గా మారింది. మన పిల్లలు ‘మస్ట్’కి గతరూపం కోసం వెతుకుతున్నారు గానీ, అదే ఒకప్పటి గతరూపం. ‘షుడ్’ కూడా ‘షల్’కి గతరూపమే. ‘ఆట్’ అన్నది బాకీపడటం అనే అర్థమున్న ‘ఓ’కి పాత గతరూపం. ‘షల్’కి కూడా మొదట్లో బాకీ ఉండటం అన్న అర్థమే ఉండేది. బాధ్యతని వాళ్ళు అప్పుగా చూశారు. గతరూపాలన్నీ ఇలా ఇప్పటి మాటకే ఖర్చయిపోయాక, నిజంగా గతం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి, ‘హ్యావ్ టు’ని ‘హ్యాడ్ టు’ చెయ్యడం. రెండు, ‘మస్ట్’, ‘షుడ్’, ‘ఆట్ టు’ల పక్కన ‘హ్యావ్’ని, దాని వెనక క్రియ మూడో రూపాన్ని నిలబెట్టడం. మీ కోచింగుల్లో ‘వీ త్రీ’ అంటారే, అది.

మేనకోడలు: అర్ధరాత్రి 2 గంటలకి వార్డులో నిలబడ్డ పిల్లకి ‘మోతన్’ ఎందుకు మావయ్యా?

మావయ్య: లేనిదాని కోసం వెతకడం మానుకోవడానికి. ‘గో’కి ‘వెంట్’ ఉన్నట్టే ‘మస్ట్’కీ ఏదో ఉంటుందనీ, తనకే తెలియదనీ ఆ పిల్ల అనుకుంటోంది. ఆ వెతుకులాటలోనే ‘మస్ట్ వెంట్’, ‘వజ్ మస్ట్’, ‘మస్ట్ హ్యాడ్’ పుట్టాయి. లేదని, ఎందుకు లేదో కూడా ఒక్కసారి చెప్తే వెతకడం ఆగుతుంది. ఇప్పుడు మన ‘ఆలి’ని చూడు. చేయవలెను అన్నది అరిగి చేయాలి అయింది. నేను చెయ్యాలి, వాడు చెయ్యాలి, వాళ్ళు చెయ్యాలి. మనిషిని బట్టి మారదు. ‘మస్ట్’ కూడా మారదు. ‘చెయ్యాలి’కి వాడుకలో గతరూపం లేదు. అందుకే మనం కూడా ‘వలసి’ని తెచ్చి, దానికి ‘వచ్చింది’ని తోడు చేశాం. రెండు భాషలూ ఒకే ఇబ్బందిలో పడి, రెండూ సాయానికి ఇంకో క్రియని పిలుచుకున్నాయి. ఇది తెలిసిన పిల్లకి ఇంగ్లిష్ పరాయిగా కనపడదు. తన భాష చేసిన పనే అదీ చేసిందని అర్థమవుతుంది. నేర్చుకునేవాళ్ళకి ఆ ధైర్యం చాలా అవసరం.

మేనకోడలు: ఈ సంగతి పిల్లలకి చెప్తాను. బాగుంది. కానీ ధైర్యం ఎక్కువై రెండూ ఒకటే అనుకుంటే ఇంకో గుంటలో పడతారు. ‘ఆల్సి వచ్చింది’ ‘హ్యాడ్ టు’కి సరిగ్గా సరిపోతుందన్నారు కదా. ‘ఐ హ్యాడ్ టు బి ఇన్ ద వార్డ్ బై సెవెన్, బట్ ద బస్ వజ్ లేట్.’ ఇది మంచి ఇంగ్లిష్. ఏడింటికి ఉండాలన్న నియమం ఉంది, ఆమె మాత్రం ఏడింటికి లేదు. దీన్ని ‘ఏడింటికల్లా వార్డులో ఉండాల్సి వచ్చింది, కానీ బస్సు ఆలస్యమైంది’ అని తెలుగులో అనలేం. ‘ఆల్సి వచ్చింది’ అంటే పని జరిగి తీరాలి. ‘హ్యాడ్ టు’ అంటే జరిగిందని అనుకోవడం మామూలే గానీ, జరిగి తీరిందన్న హామీ లేదు. వెనకాల ‘బట్’ వచ్చి దాన్ని తిప్పెయ్యగలదు.

మావయ్య: అవును. ఈ ఒక్కచోట తెలుగు ఎక్కువ కచ్చితంగా ఉంది. ‘వచ్చింది’ అన్నది అయిపోయిన పనిని చెప్పే క్రియ కాబట్టి, పని అయిపోయిందన్న అర్థాన్ని తనతో మోసుకొస్తుంది. నీ వాక్యానికి మనం ‘ఉండాల్సింది’ అనాలి. అలవాటుగా ఉన్న నియమానికైతే ‘ఉండాల్సి ఉండేది’, ‘ఉండాల్సి వచ్చేది’ అంటాం. ‘హ్యాడ్ టు’ ఒక్కటీ ఇవన్నీ మోస్తోంది. అయితే ఈ తేడా నీకు ఎలా కనపడింది? రెంటినీ పక్కపక్కన పెట్టావు కాబట్టి. నువ్వు వద్దంటున్న పనే ఇప్పుడు చేశావు.

మేనకోడలు: నేను చెయ్యగలను మావయ్యా, రెండు భాషల్లోనూ కుదురుకున్నాను కాబట్టి. కుదురుకోని పిల్ల చెయ్యలేదు. ఇంకోటి చూడండి. ‘ఇవ్వాల్సింది’ అన్నదాన్ని ఇంగ్లిష్ మూడు ముక్కలు చేస్తుంది. ‘ఐ షుడ్ హ్యావ్ గివెన్ ఇట్’ అంటే ఇవ్వలేదు, అది నా తప్పే. ‘ఐ వజ్ సపోజ్డ్ టు గివ్ ఇట్’ అంటే ఇవ్వడం నాకు అప్పగించిన పని. ఎందుకు ఇవ్వలేదో చెప్పలేదు, తప్పు ఒప్పుకోనూ లేదు. ‘ఐ వజ్ టు హ్యావ్ గివెన్ ఇట్’ అంటే ఏర్పాటు అలా ఉంది, అది జరగలేదు. డాక్టరు ఆపమన్నందుకు ఆపిన అమ్మాయి తెలుగులో ఆలోచించి ‘ఐ షుడ్ హ్యావ్ గివెన్’ అంటే, చెయ్యని తప్పుని నెత్తిన వేసుకున్నట్టే. మరిచిపోయిన అమ్మాయి ‘ఐ వజ్ సపోజ్డ్ టు’ అంటే తప్పించుకుంటున్నట్టు వినపడుతుంది. తెలుగులో ఈ రెండూ ‘ఇవ్వాల్సింది’ దగ్గరే ఆగిపోతాయి.

మావయ్య: ఆగిపోవు. మనం తరవాతి మాటతో తేల్చుకుంటాం. ‘ఇవ్వాల్సింది, మరిచిపోయాను.’ ‘ఇవ్వాల్సింది, డాక్టరు గారు ఆపమన్నారు.’ తెలుగువాడు ‘ఇవ్వాల్సింది’ దగ్గర నోరు మూసుకోడు, కారణం కూడా చెప్తాడు. ఆ కారణాన్నే గుర్తుగా పెట్టుకోమని చెప్పు. తప్పు నాదైతే ‘షుడ్ హ్యావ్’. అప్పగించిన పనికి అడ్డం వచ్చింది వేరే ఏదైనా అయితే ‘వజ్ సపోజ్డ్ టు’. తెలుగు వాక్యాన్ని చివరిదాకా వినమను, చాలు.

మేనకోడలు: కారణం చెప్పమనడం నాకు నచ్చింది. అయితే ‘సపోజ్డ్ టు’ దగ్గర చెవి కూడా మోసం చేస్తుంది. ఆ చివరి ‘డ్’ మాటల్లో వినపడదు. పిల్లలు ‘ఐ సపోజ్ టు గివ్’ అంటారు. ‘వజ్’ని వదిలేస్తారు. అప్పుడది ‘నేను అనుకుంటున్నాను’ వైపు జారిపోతుంది. ‘షుడ్ హ్యావ్’ మాటల్లో ‘షుడవ్’ అవుతుంది, ‘మస్ట్ హ్యావ్’ ‘మస్టవ్’ అవుతుంది. ఇంగ్లిష్ వాళ్ళలోనే కొందరు ఆ ‘అవ్’ని ‘ఆఫ్’ అని రాసేస్తారు. పుస్తకంలో మాత్రమే చూసిన పిల్ల ‘షుడవ్ గివెన్’ విని, అందులో ‘హ్యావ్’ ఉందనే గుర్తించదు. దీనికి తెలుగు ఏ సాయమూ చెయ్యదు. వినడం ఒక్కటే మందు.

మావయ్య: ఒప్పుకుంటాను. ఉచ్చారణలో తెలుగుకి పని లేదు.

మేనకోడలు: వ్యతిరేకం సంగతి ఇంకా తీవ్రం. ‘షుడ్ హ్యావ్ గివెన్’లో ‘నాట్’ లేదు, కానీ పని జరగలేదు. ‘షుడంట్ హ్యావ్ గివెన్’లో ‘నాట్’ ఉంది, కానీ పని జరిగింది. మామూలు వాక్యాల్లో ‘నాట్’ ఉంటే జరగనట్టు, లేకపోతే జరిగినట్టు. ఇక్కడ అదంతా తలకిందులు. ఆ ‘నాట్’ కూడా మాటల్లో ‘అంట్’గా కుదించుకుపోతుంది. అలర్జీ ఉన్న పేషెంటుకి పెన్సిలిన్ ఇచ్చేసిన సందర్భంలో ‘వి షుడంట్ హ్యావ్ గివెన్ ఇట్’ అన్న మాటలో ఆ ఒక్క శబ్దం చెవిన పడకపోతే, ఇవ్వలేదేమో, ఇప్పుడివ్వాలేమో అనుకునే ప్రమాదం ఉంది.

మావయ్య: అక్కడ తెలుగు నీకు తోడే ఉంది. ‘ఇవ్వకుండా ఉండాల్సింది’ అంటాం. అందులోనూ వ్యతిరేకం ఉంది, పని జరిగిపోయింది. తలకిందుల లెక్క తెలుగులోనూ అదే. పిల్లకి కొత్తగా నేర్పాల్సింది శబ్దం ఒక్కటే. లెక్క ఆమెకి ముందే వచ్చు.

మేనకోడలు: మరి దీనికేమంటారు? ‘ఐ నీడంట్ హ్యావ్ గివెన్ ద ఇంజెక్షన్’ అంటే ఇచ్చాను, ఇవ్వక్కర్లేదని తరవాత తెలిసింది. ‘ఐ డిడంట్ నీడ్ టు గివ్ ద ఇంజెక్షన్’ అంటే అవసరం పడలేదు. మామూలుగా ఇవ్వలేదనే అర్థం, కానీ ఇచ్చి కూడా ఉండొచ్చు. దాని గురించి ఆ వాక్యం తలుపు తీసే ఉంచుతుంది. మన ‘ఇవ్వక్కర్లేకపోయింది’ రెండోదానికి సరిపోతుంది. మొదటిదానికి తెలుగులో ఒక్క క్రియారూపం చూపించండి.

మావయ్య: లేదు. ‘అనవసరంగా ఇచ్చాను’ అంటాం, లేదా ‘ఇవ్వక్కర్లేదు, అయినా ఇచ్చాను’ అని రెండు ముక్కలుగా చెప్తాం. ఒక్క రూపం లేదు.

మేనకోడలు: ఆ చోటుకి వచ్చేసరికి తెలుగు ద్వారా నేర్చుకున్న పిల్ల ఏం చేస్తుంది? తనకి తెలిసిన ఒక్క రూపాన్ని రెండింటికీ వాడేస్తుంది. ఇచ్చిన ఇంజెక్షన్‌ని ‘డిడంట్ నీడ్ టు’ అని చెప్తుంది. విన్నవాళ్ళు ఇవ్వలేదనుకుంటారు. నేను భయపడేది ఇందుకే. పటం సగం దూరం సరిగ్గా ఉండి మిగతా సగం తప్పుగా ఉంటే, నమ్మి నడిచినవాళ్ళే ఎక్కువ నష్టపోతారు.

మావయ్య: పటంలో ఖాళీ ఎక్కడుందో గుర్తు పెట్టి ఇవ్వాల్సింది టీచరు. ‘ఇక్కడ మన భాషలో మాట లేదు, జాగ్రత్త’ అని చెప్పాలంటే మన భాషని క్లాసులోకి రానివ్వాలి. నువ్వు చెప్పకపోయినా ఆ ఖాళీ ఆమె బుర్రలో ఉంటుంది. చెప్తే కనీసం ఎక్కడ ఆగి ఆలోచించాలో తెలుస్తుంది. ఇంకో మాట. ‘మస్ట్’ మీద ఇంత సమయం ఖర్చు పెట్టడం అవసరమా? ఇంగ్లిష్ వాళ్ళే దాన్ని తగ్గించుకుంటున్నారని చదివాను.

మేనకోడలు: నిజమే. 1961 నాటి రాతల్నీ 1991 నాటి రాతల్నీ పోగుచేసి జెఫ్రీ లీచ్ వంటి భాషాశాస్త్రవేత్తలు పోల్చారు. ‘మస్ట్’, ‘షల్’, ‘ఆట్’ తగ్గాయి. ‘నీడ్ టు’ పెరిగింది. కానీ నర్సుకి ‘మస్ట్ హ్యావ్’ ఊహని చెప్పే పనిముట్టు. ‘షి మస్ట్ హ్యావ్ ఫాలెన్ ఫ్రమ్ ద బెడ్’ అంటే మంచం మీంచి పడి ఉండాలి, నేను చూడలేదు అని నిజాయితీగా చెప్పడం. ‘షి ఫెల్’ అంటే చూశానని చెప్పడం. చూడనిది చూసినట్టు చెప్పకుండా కాపాడేది ఆ రెండు మాటలే.

మావయ్య: కోర్టులో ఈ తేడాకి ఎంత విలువుందో లాయర్లని అడిగితే చెప్తారు. నోటి సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలని 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ చెప్పింది. చూసిన సంగతి చూసినవాడే చెప్పాలి, విన్నది విన్నవాడే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు. ‘పడి ఉండాలి’ అన్న సాక్షికీ ‘పడింది’ అన్న సాక్షికీ మధ్య ఉన్న దూరం అది. నిర్లక్ష్యం కేసుల్లో ఇంకో మాట వాడతారు, ‘ఆట్ టు హ్యావ్ నోన్’ అని. తెలిసి ఉండాల్సింది అని అర్థం. తెలియదని చెప్పి తప్పించుకోలేవు, నీ స్థానంలో ఉన్న మనిషికి అది తెలిసి ఉండటం బాధ్యత అని దాని భావం. ఒక్క వ్యాకరణ రూపం మీద మనిషి బాధ్యత తేలుతోంది. అందుకే దీన్ని పరీక్షలో రెండు మార్కుల బిట్టుగా చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మేనకోడలు: ఆ విషయంలో మనిద్దరిదీ ఒకటే మాట. ఖాళీలు పూరించమని ఇచ్చి, ‘షుడ్ హ్యావ్’ పెట్టావా, మార్కు తీసుకో అంటారు. ఇంజెక్షన్ పడిందా లేదా అని ఆ పిల్లని ఒక్కరూ అడగరు. అందుకే నేను ముందు ఆ ప్రశ్నే అడుగుతాను: పని జరిగిందా, జరగలేదా, తెలియదా?

మావయ్య: మొదటి ప్రశ్న అదే కావాలి. రెండోది నేను చేరుస్తాను: జరగకపోతే ఎవరి వల్ల? నా తప్పా, ఏర్పాటు మారిందా, పరిస్థితి అడ్డం వచ్చిందా? మూడోది: నేను చూశానా, ఊహించానా? ఈ మూడింటికీ జవాబు తేలితే ఏ రూపం వాడాలో తొంభై పాళ్ళు తేలిపోతుంది. ఆ జవాబులు మాత్రం తెలుగులో చెప్పనివ్వు. నిజం ఏమిటన్నది మనిషి తన భాషలోనే ముందు తేల్చుకుంటాడు.

మేనకోడలు: తేల్చుకునే దాకా తెలుగుకి అభ్యంతరం లేదు. పాఠం మొదట్లో ఆ మూడు ప్రశ్నలూ తెలుగులోనే అడుగుతాను, ‘నీడంట్ హ్యావ్’ దగ్గర మన ఖాళీని కూడా చూపిస్తాను. ఆ తరవాత మాత్రం తెలుగు ఆపాలి. వార్డులో పేషెంటు బంధువు ఎదురుగా నిలబడి అడుగుతున్నప్పుడు తెలుగులో అనుకుని, మార్చి, చెప్పే వ్యవధి ఉండదు. పరిస్థితిని చూడగానే ‘షుడవ్’ అని నోటికి రావాలి. అది చార్టులతో, రోల్‌ప్లేలతో, వందసార్లు అనిపించడంతోనే వస్తుంది.

మావయ్య: నేను అక్కడ నీతో పూర్తిగా కలవను. అలసిపోయినప్పుడు, భయపడినప్పుడు మనిషి సొంత భాషలోకి వెళ్తాడు. నువ్వు ఆపమన్నా ఆగదు. ఆ క్షణంలో తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి మంచి వంతెన కట్టి ఉంటే అది కాపాడుతుంది. వంతెన లేకపోతే మళ్ళీ ‘మస్ట్ వెంట్’ దగ్గరే పడుతుంది. సాధన నీ పద్ధతిలో చేయించు. వంతెనని మాత్రం కూల్చకు.

మేనకోడలు: కూల్చను. దాని మీదే నిలబడిపోకుండా చూస్తాను. ఇంకో జాగ్రత్త కూడా నేర్పుతున్నాను. రాతలో ఈ రూపాల మీద పూర్తిగా ఆధారపడవద్దంటాను. ‘హ్యాడ్ టు గివ్’ అని ఆపకుండా, ముందు ‘గేవ్’ అని, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి అని రాసి, ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో ఆ తరవాత రాయమంటాను. జరిగింది మామూలు భూతకాలంలో, బాధ్యత సంగతి దాని వెనక. ‘రాయకపోతే చెయ్యనట్టే’ అని నర్సింగులో మాకు మొదట్లోనే చెప్తారు. ఇచ్చినట్టో ఇవ్వనట్టో తేలకుండా రాయడం కూడా అంత ప్రమాదమే.

మావయ్య: ఇది అందరికీ చెప్పాల్సిన మాట. నర్సులకే కాదు, మెమోకి వివరణ రాసే గుమాస్తాకి కూడా.

మేనకోడలు: బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి ఇంకా ఎక్కువ. స్టాఫర్డ్ ఆసుపత్రిలో పేషెంట్లు పడ్డ బాధల మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 2013లో వచ్చింది. ఆ తరవాత 2014లో ఇంగ్లండ్‌లో ‘డ్యూటీ ఆఫ్ క్యాండర్’ని చట్టబద్ధం చేశారు. పేషెంటుకి హాని జరిగితే ఆసుపత్రి దాచకూడదు. ఏం జరిగిందో వాళ్ళకి చెప్పాలి, క్షమాపణ చెప్పాలి. అక్కడ నర్సుగా నిలబడి ‘మేం ఇది చెయ్యాల్సింది, చెయ్యలేదు’ అని పేషెంటు మొహం చూసి చెప్పాల్సిన రోజు ఎవరికైనా రావచ్చు. ఆ రోజు ‘షుడ్ హ్యావ్’ బదులు ‘హ్యాడ్ టు’ అంటే, చెయ్యని పనిని చేశానని చెప్పినట్టవుతుంది. మన పిల్ల అబద్ధమాడాలనుకోలేదు. నిజం ఒప్పుకోవడానికే వచ్చింది. కానీ చార్టు ఒకటి చెప్తుంది, ఆమె మాట ఇంకోటి చెప్తుంది. ఎదుటివాళ్ళు చార్టునే నమ్ముతారు, ఆమెని నమ్మరు.

మావయ్య: తప్పు చేసినందుకు శిక్ష పడటం వేరు. తప్పు ఒప్పుకున్నా అబద్ధం కింద జమ కావడం వేరు. భాష రాకపోవడం వల్ల మనిషి నిజాయితీ పోకూడదు.

మేనకోడలు: అందుకే నేను పిల్లల మార్కుల కన్నా ముందు ఈ ఒక్కటి చూసుకుంటాను. నా క్లాసు నుంచి వెళ్ళే ప్రతి పిల్లా తాను చేసినదాన్ని చేశానని, చెయ్యాల్సి ఉండీ చెయ్యనిదాన్ని చెయ్యలేదని, తెలియనిదాన్ని తెలియదని ఇంగ్లిష్‌లో అనుమానానికి తావులేకుండా చెప్పగలగాలి. దానికి తెలుగు ఎంత దూరం తోడొస్తే అంత దూరం తీసుకెళ్తాను. ఎక్కడ తోడు రాదో అక్కడ చెయ్యి వదలమని కూడా నేనే చెప్తాను.